శంకరమ్మ బర్రె, నా జిమ్మేదారి

"తాతా, ఎవ్వలు జెప్పకున్నా గల్లీల పనులన్ని నెత్తినేసుకుంటవ్. నీకెందుకు గీ తిప్పలు?"

ఎందుకంటె ఏం జెప్పాలె బిడ్డా... ఫోన్ల రికార్డు పెట్టినవ్ గదా, ముందుగాల ఒక మాట. నేను మీసానికి రంగేస్త, ఇస్త్రీ అంగి లేంది బయటికి పోను. మీ నాయినమ్మ దాన్ని సోకు అంటది. సోకు గాదది, సేవ. పొద్దుగాల్నే చాయ్ హోటల్ల కూసునేటోళ్లకు ఒక్క మొఖమన్న సక్కంగ కనబడొద్దా? మిగిలిన మొఖాలు నువ్వు జూస్తనే ఉన్నవ్.

గా హోటల్లనే దొరికిపోయిన. ఖాజా భాయ్ హోటల్, వాళ్ల నాయిన ఉన్నప్పుడు చారానాకు చాయ్... గదంత ఇప్పుడెందుకు. మొన్న ఉగాదికి, కాదు కాదు, శివరాత్రి ముంగట. పక్కింటి శంకరమ్మ ఉరుక్కుంట వచ్చింది. మొగడు లేని మనిషి, ఒక్క బర్రె పాలమ్మి ఇల్లు ఎల్లదీస్తది. ఆమె బిడ్డకు కాన్పు కష్టమైతదని, సంగారెడ్డి పెద్ద దవాఖానకు తీస్కపొమ్మన్నరట. ఆటో నిలవడ్డది. అందరి ముంగట నా చేతులు పట్టుకొని, "మామా, జర నా బర్రెను, గంగను చూడు. నీ అసొంటి జిమ్మేదార్ మనిషి ఈ గల్లీల ఇంకెవరున్నరు?" అన్నది.

ఖాజా భాయ్ చాయ్ పోసుడు ఆపి నా దిక్కు చూసిండు. అందరు చూసిన్రు. ఇగ ఎట్ల కాదంట? "ఫికర్ జెయ్యకు, నిమ్మలంగ పో" అన్న. మీ నాయినమ్మ తర్వాత అన్నది, "మెచ్చుకున్నదనుకున్నవా? ఆడ పనిలేక కూసున్నది నువ్వొక్కనివే" అని.

పాలు పిండుడు నాకు కొత్త గాదు. చిన్నప్పుడు కోహీర్ల మా మేనమామ ఇంట్ల పిండినోణ్ణే. అయితె గా బర్రె మా మేనమామది, ఇది శంకరమ్మది. దూడ సచ్చిన సంది ఆమెకు తప్ప ఎవ్వలకు పాలియ్యదట. తొందరల ఆమె జెప్పలె, పొంగిపోయి నేను అడగలె. పొద్దుమీకి పోయి పొదుగు ముట్టిన్నో లేదో, తన్నింది. బకెట్ ఒక దిక్కు, నేనొక దిక్కు. పాల ఎంకటిని పిలిస్తె ఆనికి గూడ గదే మర్యాద. ఎదురింటి ఆడోళ్లను అడిగితె, "నువ్వే గదా మామా ఒప్పుకున్నది" అని నవ్విన్రు. మీ నాయినమ్మేమొ మోకాళ్ల నొప్పులకు కింద కూసోలేదు, గోడకాడ నిలవడి నాకు హుషారిస్తది.

తెల్లారి చూస్తె పొదుగు రాయి తీర్గ గట్టిపడ్డది. పాలు గట్లనే నిలిస్తె వాస్తది, చెడిపోతది. అది చెడిపోతె శంకరమ్మ ఇల్లు గడవది. అప్పుడు భయపడ్డ. బర్రె కోసమనుకుంటున్నవా? శంకరమ్మ నోటికి. ఫోన్ జేసిన. "గంగ చెవ్వుకాడ పెట్టు మామా" అని, "గంగమ్మా, నా తల్లీ" అని ఫోన్లకెల్లి పిలిచింది. గంగ ఫోన్ నాకింది. ఫోన్ తడిసింది గని పాలు దిగలె.

"అయితె మామా, దండెం మీద నేనిడిచిన చీర ఉంటది. కట్టుకొని కూసో. దానికి నా వాసన రావాలె."

కట్టుకున్న. ఏం జేస్త? మీసం కనబడకుండ కొంగు కప్పుకున్న. గంగ ఒకపారి వాసన చూసింది, ఇంకోపారి చూసింది, నిమ్మలంగ నెమరేసుకుంట నిలవడ్డది. పాలు దారలు గట్టినయ్. గోడ మీదికెల్లి ఖాజా భాయ్, "సలాం అత్తా! పాలు చిక్కగున్నయా?" అన్నడు. ఎవడో వీడియో తీసిండు. మీ నాయిన డీజిల్‌కు పోతె చిరాగ్‌పల్లి బంకుల పిలగాడు, "అన్నా, మీ అమ్మకు మీసాలున్నయట గదా" అని అడిగిండట.

ఇగో, నువ్వడిగింది ఈడున్నది. మెప్పుకు ఒప్పుకున్న, అబద్ధమెందుకు. గా మెప్పు చీరతోనే పోయింది. ఇగ శంకరమ్మ తిడ్తదని భయమా అంటె, ఆమె బిడ్డకు ఆపరేషన్ జేసిన్రు, ఫోన్ ఎత్తే తీరికనే లేదామెకు. బర్రె మీద ప్రేమ అందామంటె, దాని డెక్క గుర్తు నా తొడ మీద ఇంకా ఉన్నది. చూయిస్తనంటె మీ నాయినమ్మ వద్దంటది. అయినా తెల్లారంగనే లేసి, కుచ్చిళ్లు సదురుకుంట పోతుంటి. ఎవ్వలు లేపకుండ! మనింట్ల నల్లా కారుతుంటె నెలలు గడిపినోణ్ణి నేను. పోనీ నా మనసే మంచిదని చెప్పుకుందామంటె, ఒకనాడు "దేవుడా, ఇది ఒట్టిపోతె నా పీడ పోతది" అని మొక్కుకున్న గూడ. దేవుడు మంచోడు, ఇనలె.

శంకరమ్మ వచ్చింది. బిడ్డ మంచిగనే ఉన్నది. ఆటో దిగి పసిపోరన్ని నా చేతుల పెట్టి, సీదా కొట్టంలకు పోయింది. పొదుగు ముట్టి చూసింది. నాలుగు మంచి మాటలొస్తయని నేను గొంతు సదురుకొని నిలవడ్డ.

"పాలు తగ్గలె" అన్నది. నా దిక్కు తిరిగింది. "చీర ఉతికియ్యి మామా, బర్రె కంపు కొడ్తున్నది."

గంతే. ఇప్పుడు యాడికన్న పోవాల్సొస్తె నన్ను అడుగది గూడ, చీర మన గోడ మీద ఏసి పోతది. నేను పోత. ఎందుకంటె... మెప్పా, భయమా, ఇంకేమన్ననా... ఉండు, ఫోన్ ఆపకు, ఆలోచిస్తున్న... లేదు బిడ్డా. ఇన్నేండ్లొచ్చినయ్ గని, గదొక్కటి నాకింకా ఎరుక లేదు.