గౌనుబొమ్మకు చెప్పిన కథ

ఓదెలు అని ఒక పటం కథలోడు ఉండెనంట. పొడుగు గుడ్డ మీద వరుసగ బొమ్మలుంటయి సూడుండ్రి, అది ఏలాడగట్టి, బొమ్మబొమ్మ మీద పుల్ల పెట్టుకుంట కథ చెప్తడు. కోతలైనంక ఊరూరు తిరిగి గింజలు తెచ్చుకుంటడు, ఇంటిల్లిపాదికి ఏడాదంతా అవే గింజలు. ఆ ఏడు ఏమైందంటే, వాగు దాటంగ పటం తడిసి రంగులన్నీ కలిసిపోయినయంట. అట్ల చెడిన పటం ముందట కథ చెప్పొద్దు, సచ్చిన మనిషికి చేసినట్టు చేసి నీళ్ళల్ల ఇడవాలె, అది వాళ్ళ కట్టుబాటు. ఇడిసిండు. ఇడిసి, ఉత్త చేతులతోని మా ఊరికొచ్చిండనుకో. గడిల, అంటే దొర బంగ్లల, ముసలి దొరసాని ఒక్కతే ఉండేది, దొర పోయి శానా ఏండ్లాయె. ఆమెకు ఈ సంగతి తెలిసి, పాపం, మా గదిల గోడకు ఒక పెద్ద రంగుల బొమ్మ ఉన్నది, దాని ముందట చెప్పుకొమ్మని పంపిందంట. తెచ్చి, ఊరంతా కూడే కచ్చీరు ముందట నిలబెట్టిండ్రు. బొమ్మల ఎవరో పడుచామె. నేల మీద జీరాడే పట్టు గౌను, మెడల ముత్యాలు, మోచేతులదాంక తెల్లటి తొడుగులు. తెల్లదొరల పిల్లే అనుకున్నరు అంతా. కొమురెల్లి అనేటోడు ఊకుంటడా, ఏం ఓదెలు, ఏ బొమ్మకైనా కథ చెప్తనంటివి, ఇగ చెప్పు సూద్దాం అని ఎగసక్కెమాడిండు.

ఓదెలుకు లోపల గుబులే. చెప్పకుంటే పేరు పాయె, గింజలు పాయె. వాళ్ళ పటాలల్ల ఒక లెక్క ఉంటది: బొట్టు లేకుంటే మొగడు లేనట్టు, జుట్టు ఇరబోసుకుంటే రాక్షసి, చేతులు దాసుకుంటే ఏదో పాపం చేసినట్టు. ఆ లెక్కనే ఈ బొమ్మను చదివిండు. నొసటి మీద బొట్టు లేదు, మెడల ముత్యాలు మాత్రం ఉన్నయి, చూసిండ్రా తల్లీ అని మొదలుపెట్టి, మొగనికి పాలల్ల మందు పెట్టిందనె, ఆ మందుకు చేతులు నల్లబడితే తొడుగులేసుకున్నదనె. జనం నవ్విన కొద్దీ ఓదెలుకు హుషారు. గౌను భుజాల మీద పుల్ల పెట్టి ఒక మాటన్నడంట, అది నేను చెప్ప, ఆడోళ్ళున్నరు. దొరసాని గూడ వచ్చి, కచ్చీరు అరుగు చివర కొంగు కప్పుకొని కూసొని అంతా ఇన్నది.

కథ అయినంక పటం ఇచ్చినోళ్ళను పేరు పెట్టి దీవించాలె, పటంల ఉన్నామెకు, ఎంత చెడ్డదైనా సరే, పేరు చెప్పి దండం పెట్టాలె. అది గూడ కట్టుబాటే. ఓదెలు వంగి, దొరసానమ్మా, నీ పేరేంది, ఈ బొమ్మల ఆమె పేరేంది అనడిగిండు.

"సుభద్రాబాయి," అన్నదంట ఆమె. "రెండు పేర్లూ అదే."

ఊరోళ్ళు ఎట్ల గుర్తుపడ్తరు చెప్పుండ్రి. గోషాల ఉన్న మనిషి, పడుచుతనంల ఆమె మొకం ఎవ్వలు చూసిండ్రు. కొమురెల్లి తలకాయ కిందికేసిండు. ఆమె కోపానికి రాలే, ఊకె చెప్పుకుంట పోయింది. "దొర పట్నం నుంచి బొమ్మలు గీసేటాయన్ని తెచ్చి, నాకు గౌను తొడిగించిండు. గౌనుకు బొట్టు నప్పదన్నడు బొమ్మలాయన. మొగడు ఎదురుంగ కూసోని ఉండంగనే తుడుసుకున్న. చేతులంటవా, మా అవ్వ పొడిపించిన పచ్చబొట్లు ఓదెలూ. మోటుగ కనబడతయని దొరనే తొడుగులేయించిండు."

ఓదెలు మళ్ళ బొమ్మ దిక్కు చూసిండంట. బొమ్మల ఆమె కండ్లు కిందికున్నయి. గంతసేపు కథ చెప్పి, పుల్ల పెట్టని చోటు అదొక్కటే. సిగ్గుతోని సచ్చిపోయే మనిషి చూపది. ఇప్పుడు ఓదెలు చూపు గూడ అట్లనే, నేల దిక్కే.  దీవెన చెప్పకనే పుల్ల సంకల పెట్టుకొని పోబోతుంటే ఆమె లేచి, కథ చెప్పించుకొని గింజలియ్యకుంటే ఎట్ల, జోలె పట్టు అన్నదంట. పట్టకపోతే ఆమె మాట కొట్టేసినట్టు, పడితే తన తల తీసేసినట్టు. పట్టిండు. ఆమె దోసిళ్ళతోని వడ్లు పోస్తుంటే, ఆ ముడతల చేతుల మీద పచ్చబొట్లు ఇంకా కనబడుతనే ఉన్నయంట.

ఆ వడ్లు వాగుల పోసిండనేటోళ్ళున్నరు, వండుకున్నడనేటోళ్ళున్నరు. వండుకునే ఉంటడు, పిల్లలు గలోడు. గొంతు దిగుడే కష్టమై ఉంటది. ఆ నాడు నవ్వినోళ్ళల్ల మా తాత గూడ ఉండెనంట. ఆయన మాత్రం ఇంటికొచ్చి మంచిగనే తిన్నడు.