నాన్నకు ఉరి పడిన రోజు

తీర్పు చదవడం అయిపోయింది. ప్రభుత్వ వకీలు నల్లకోటు సర్దుకుంటూ, కోర్టు వరండాలో నిలబడ్డ హతురాలి కూతురి దగ్గరికి వచ్చాడు.

“ఉరిశిక్ష వేయించానమ్మా. ఇక మీ అమ్మ ఆత్మ శాంతిస్తుంది.”

“అమ్మ వచ్చి మీతో చెప్పిందాండీ?”

“అదేం మాట తల్లీ? బయట పత్రికలవాళ్లున్నారు. సంతోషంగా ఉందని ఒక్క మాట చెప్పు చాలు.”

“మా నాన్నని చంపుతారంటే సంతోషపడాలా?”

“మీ అమ్మ గొంతు నులిమినవాడమ్మా ఆయన.”

“సాక్ష్యం చెప్పింది నేనే. నాకు మీరు గుర్తుచేయక్కర్లేదు. చచ్చేదాకా జైల్లోనే ఉంచండి, కాదనను. ఆయన చేత్తో నులిమితే హత్య, మీరు తాడుతో బిగిస్తే న్యాయం. నల్లకోటు వేసుకుంటే సరిపోతుంది కాబోలు.”

“చిన్నపిల్లవి. కోపంలో ఉన్నావు.”

“ఎందుకు చంపావని జైలుకెళ్లినప్పుడల్లా అడుగుతున్నా. ఇన్నాళ్లూ గోడకేసి చూసేవాడు. మొన్న మొదటిసారి తల దించుకుని ఏడ్చాడు. జవాబు చెప్పేలోపే నోరు మూయించేస్తే, ఇంకెవర్ని అడగాలి? మిమ్మల్నా?”

“అయితే ఏం చేస్తావు?”

“అప్పీలు వేయిస్తా.”

“హంతకుడి తరఫునా?”

“మా అమ్మ తరఫున. తప్పుకోండి.”