సంతకం లేని చెయ్యి

1971 జూలై పన్నెండున రాయగడ పురపాలక కార్యాలయంలో బోర్డులు రాసే పెయింటరుగా చేరిన శ్రీ చంద్రశేఖరం గారు ఈ ఫిబ్రవరి ఆఖరున, 2006లో, పదవీ విరమణ చేస్తున్నారు. పొగడ్తలు మా యూనియన్‌కు చేతకావు, ఉన్నది చెబుతాం.

వీధి పేర్లూ, కుళాయిల దగ్గరి హెచ్చరికలూ ఆయన ఒడియాలో రాసేవారు. పార్వతీపురంలో తండ్రిగారు ఇసుకలో దిద్దించిన తెలుగు తలకట్టు, ఒడియా అక్షరాల నెత్తిన ఉండే గొడుగులాంటి వంపు చివర పైకి లేచేది. "ఏటి గురూ, మీ ఒడియా కూడా పార్వతీపురం రైలెక్కి వచ్చిందా?" అని నీళ్ల పంపు నడిపే సత్తిబాబు ఏడిపించేవాడు.

1993లో సెలవు పెట్టి బోరిగుమ్మలో చర్చి బోర్డు రాయబోయి, పాస్టరు గారి బల్లమీద ఒక ఛాయాచిత్రాల పుస్తకం చూసేరు. పదమూడు శతాబ్దాల కిందట దూడతోలు మీద ఈక కలంతో రాసిన సువార్త ప్రతులు. పెద్దక్షరం చుట్టూ ఎర్ర చుక్కలు. చాలావాటికి రాసినవాడి పేరే లేదు. ఐర్లండులో పుట్టేయా, ఇంగ్లండు ఉత్తర తీరానా అని పండితులకు నేటికీ తగువు. ఒకచోట నేర్చిన చెయ్యి మరోచోట రాస్తే ఆ తగువు తెగేదెలా? పాస్టరు గారు అది విప్పి చెబుతుంటే ఈయన బోర్డు మాటే మరిచేరు. ఆనాటి నుంచి ఆయనకు ఒకటే బెంగ: అసలు పుటను కళ్లారా చూడాలి.

1998 సమ్మెలో మా గోడపత్రికలు, గుర్తుపట్టకుండా, ఎడమ చేత్తో రాసేరు. అధికారి మనోరంజన్ బాబు పిలిచి, "ఏ చేత్తో రాసినా గొడుగు అంచు ఆంధ్రావైపే లేస్తోంది, చంద్రశేఖరం బాబూ" అని నవ్వేసేరు. బయట మేం, ఉద్యోగం ఊడిందనే అనుకున్నాం. ఈయన వెలిగిపోతూ వచ్చేరు: "సూసేరా, సెయ్యి దాగదు. ఆ తోలు మీద రాసినోడు కూడా ఎక్కడో దొరుకుతాడు."

2002లో పాస్‌పోర్టు తీయించేరు. ఇప్పటికీ అందులో ఒక్క ముద్రా లేదు. ఇల్లు, పిల్లల చదువులు, డ్యూటీ. మొన్న వారి శ్రీమతి రాజ్యం గారే తేల్చేరు: "ఇంకెన్నాళ్లు కలవరిస్తారు? ఎల్లి సూసి రండి." అద్దాల పెట్టెలో ఉంటుంది, ముట్టనివ్వరు కదా అని మేమంటే ఆయన జవాబు: "ముట్టడానికేటి, ఎదర నించుంటాను."

ఆయురారోగ్యాలు అందరూ కోరతారు. మా డిమాండు ఇంకొకటుంది: ఆ కళ్లు మసకబారకముందే, పరాయి నేలమీద తన ఊరి వాలుతో రాసి, పేరు పెట్టకుండా పోయిన ఆ మనిషి పుట ముందు, రాయగడ గోడలన్నీ రాసి ఎక్కడా సంతకం చెయ్యని మన చంద్రశేఖరం గారు నిలబడాలి. తరువాత నిండు నూరేళ్లూ మాకు ఆ సంగతే చెబుతూ ఉండాలి.