గొంగడి చుట్టిన అద్దం

నకిరేకల్ బస్టాండులో పార్సిల్ కిటికీ ముందు, తలుపంత మూటతో ఒకామె నిలబడింది.

“ఏందక్కా అది?” పార్సిల్ గుమాస్తా బయటికొచ్చి అడిగాడు.

“పిన్‌బాల్ ఆట మిషన్ అద్దం. పట్నంల నా బిడ్డ గా మిషన్లు బాగుచేస్తది.”

“అద్దానికి చెక్కపెట్టె ఉండాలె. గొంగడి సుట్టి తెస్తె తీస్కోం.”

“పెట్టె ఖర్చుకు ఇంకో అద్దమొస్తది. లోపల మా గొర్ల ఉన్ని కూరిన తమ్మీ.”

“ఉన్నితోని ఆగుతదా? బస్సుల పగిలితె జిమ్మేదారి ఎవరిది?”

“జర పక్కకు జరుగు.”

“గట్ల పైకెత్తుతున్నవేంది? అక్కా, ఇడువకు!”

మూట ధబ్బున నేలమీద పడింది.

“ఇప్పి సూడు. పగిలితె ఇంటికి తీస్కపోత.”

“... గీత గూడ పడలేదక్కా.”

“మరి నేను కట్టినంత గట్టిగ మళ్ల కట్టు. ఇప్పినోనివి నువ్వు. ఇగ పగిలితె జిమ్మేదారి నీదే.”