నలభై ఒకటో ప్రశ్న

జైలు ములాఖత్ గది. బల్లకు ఇవతల యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైకాలజీ చదువుతున్న జబీన్. అవతల తొమ్మిదేళ్లుగా శిక్ష అనుభవిస్తున్న విఠల్.

“పోయినసారి గూడ ఏడో ప్రశ్నకు అవునన్నవ్. గదే ప్రశ్న మళ్ల నలభై ఒకటోది. దానికి కాదన్నవ్. ఏది నిజం కాక?”

“ఏదో ఒకటి రాసుకో బిడ్డ.”

“ఏదో ఒకటి రాస్తే నడువది. ‘నాకు మాట్లాడుకునేటందుకు మనుషులున్నరు.’ ఉన్నరా, లేరా?”

“ఉన్నరు. మా బ్యారక్‌ల అరవై మందిమి ఉంటం.”

“మరి నలభై ఒకటోదానికి కాదని ఎందుకన్నవ్?”

“అప్పటికి లేరేమో.”

“నడుమ ఇరవై నిమిషాలు గూడ కాలే!”

“ఇరవై నిమిషాలల్ల ఏమన్న కావచ్చు. మా అన్న పానం పోయేటందుకు గంత సేపు గూడ పట్టలే.”

“గది నేను అడుగలే కాక.”

“అడుగవు. ఇది అయిదోసారి అచ్చుడు, ఒక్కసారి గూడ అడుగలే. ఎందుకు చంపినవ్, ఎట్ల చంపినవ్ అని అందరడిగిండ్రు. జగిత్యాల కోర్టుల అడిగిండ్రు, ఈడ అడిగిండ్రు. నువ్వొక్కదానివే తిన్నవా కాక అని అడుగుతవ్.”

“మాట మార్చకు. ఒకే ప్రశ్న రెండుసార్లు ఎందుకు పెడ్తరో ఎరుకేనా? అబద్ధం చెప్పేటోళ్లు దొరుకుతరని. జవాబులు కలవకుంటే ఫారం పక్కకు పెడ్తరు. నీది నాలుగుసార్లు నింపినం, నాలుగుసార్లు కలవలే.”

“కలవకుంటే మళ్ల నింపుదాం. వచ్చే వారం రా.”

“వచ్చే వారం లేదు. నన్ను లోపలికి ఇడిసే చిట్టీ ఇయ్యాల్టితోని అయిపాయె. ఇదే ఆఖరు.”

“ఆఖరా?”

“ఆఖరు.”

“ఇంకో చిట్టీ రాయించుకోరాదా?”

“ఇయ్యరు.”

“అడుగు. అడిగితే ఇస్తరు.”

“ఇయ్యరు కాక.”

“సరే... సరే తియ్యి. మన దిక్కు పసుపు తవ్వుడు షురువైందా?”

“ప్రశ్న అడుగుతున్న నేను.”

“ముందుగాల నాది చెప్పు. జగిత్యాల దాటినంక బస్సు కిటికీ తీస్తే పసుపు ఉడుకవెట్టిన వాసన అస్తదా?”

“నాకేమెరుక. ఇంటికి పోయి రెండు నెలలాయె. హాస్టల్ నుంచే సీదా అచ్చిన.”

“మీ నాయినది కోరుట్ల బస్టాండు కాడ గాజుల దుకాణమన్నవ్ గదా. పండుగ పండుగకు మా వదినె గా దిక్కే పోయి ఏయించుకునేది. ఆకుపచ్చయి. మీ నాయిననే ఏసిండేమో.”

“ఏసే ఉంటడు.”

“తొమ్మిదేండ్ల సంది ఆమె చేతులకు గాజుల్లేవు. నా మూలంగ.”

“...కాక, నీళ్లు తాగుతవా?”

“వద్దు. హాస్టల్ల నీకు తోడెవ్వలున్నరు?”

“ముగ్గురం ఒక్క రూముల.”

“మంచిగ మాట్లాడుకుంటరా?”

“మాట్లాడుకుంటరు. వాళ్లిద్దరు.”

“మరి నువ్వు?”

“మొదటి దినం మన దిక్కు యాసల ‘పొద్దుగాలనే అచ్చిన’ అన్న. నవ్విండ్రు. తెల్లారి గూడ అదే మాట అని నవ్విండ్రు.”

“ఇప్పుడేమంటున్నవ్?”

“ఏమంటలేను.”

“అయితే నువ్వు చెప్పు బిడ్డ. ఏడో ప్రశ్న. అవునా, కాదా?”

“నేను అడిగేదాన్ని, చెప్పేదాన్ని కాదు. భూమేశ్ ఉండె గదా నీకు, సిరిసిల్లాయన? మగ్గం నేర్పుతుండని అంటివి.”

“పోయిన నెల ఇడుదలైండు. పోయేటప్పుడు చెయ్యి పట్టుకోని, ములాఖత్‌కు అస్తనన్నడు.”

“అచ్చిండా?”

“ఎవ్వలస్తరు! నా కోసమని అచ్చేటోడు మా అన్న ఒక్కడే. చిన్నప్పుడు నాకు జరమొస్తే మా ఊరు ఇబ్రహీంపట్నం సంది కోరుట్ల దవాఖాన దాక సైకిల్ మీద తీస్కపోయిండు. ఇయ్యాల బతికుంటే, ఇంకెవ్వన్ని చంపి ఈడికచ్చినా, వారం వారం టిఫిన్ గిన్నె పట్టుకోని అచ్చేటోడు. గసొంటోన్ని పారతోని కొట్టిన. నీళ్ల వంతు నాదంటే నాదని. పసుపు చేన్లనే.”

“ఊకో కాక. ఊకో.”

“ఏడుస్తలేను.”

“సరే, ఏడుస్తలేవు. ఇప్పుడు నిజం చెప్పు. ఏడోది?”

“అవును.”

“నలభై ఒకటోది?”

“కాదు.”

“కాక!”

“నాకు చదువు రాదు గని తెలివి లేదనుకున్నవా? మొదటిసారే ఎరుకైంది, ఒకే ప్రశ్న రెండుసార్లు అస్తదని. జవాబులు కలిస్తే నువ్వు సలాం చేసి పోతవ్. కలవకుంటే మళ్ల అస్తవ్.”

“ఎరుకే.”

“ఎరుకనా? ఎప్పటి సంది?”

“రెండోసారి సంది.”

“మరి చెప్పవైతివి! నీ చదువు ఖరాబు చేస్తున్ననని నాకు దినాం గుబులే. పండుకుంటే అదే, లేస్తే అదే. అయిన గాని ఇడువబుద్ధి కాలే బిడ్డ.”

“నిమ్మలంగ మాట్లాడు. జమాదారు చూస్తుండు.”

“చూడనీ. టైమైతాంది. ఇగో, ఇప్పుడు ఒక్కటంటే ఒక్క అబద్ధం చెప్ప. ఏడోది కాదు. నలభై ఒకటోది గూడ కాదు. నాకు ఎవ్వలు లేరు. కలిసినయ్ గదా? రాసుకో. రాసుకోని మంచిగ పాసై పో. రాయి మరి... అచ్చినప్పటి సంది పెన్ను మూతనే తియ్యకపోతివి.”

“రాసేదేం లేదు కాక.”

“ఏంది, రాసేదేం లేదా?”

“నీ ఫారం పక్కకు పెట్టి, పేపర్లన్ని పోయిన నెలనే మా సార్‌కు ఇచ్చేసిన. ఇయ్యాల నన్నెవ్వలు పంపలే.”