మధ్యలో దూరిన వరుస

అమెరికాలోని డులూత్‌లో, ఇల్లు కదల్లేని వృద్ధులకు భోజనం పంపే వంటశాల. అక్కడి కంప్యూటర్ పని చూసే ట్రెవర్, ఆదేశాలు కొట్టే కన్సోల్ ముందు కూర్చున్నాడు. మేనేజరు లోర్నా అతని కుర్చీ వెనక నిలబడింది.

“అయితే ఎంటర్ ఎందుకు నొక్కావు నాయనా?”

“కొట్టింది పోయిందనుకున్నా లోర్నా గారూ. ‘పేర్లన్నీ తీసెయ్’ అని కొట్టాను. ‘చనిపోయినవాళ్ళవి మాత్రమే’ అని పక్కన కొట్టబోతుంటే తెరమీద ఏదో వచ్చి పడింది.”

“ఏదో అంటే?”

“ఎవరో ఏదో పేరు దగ్గర మార్పు చేశారు. మార్పు జరిగినప్పుడల్లా కన్సోల్ ఆ వివరమంతా కక్కుతుంది కదా. నా వరుస మధ్యలో దూరింది. కింద చూస్తే ఖాళీ. సరే, చెరిగిపోయిందనుకుని...”

“ఎంటర్ కొట్టావు. అదేమో చెరగలేదు.”

“కనబడలేదంతే. లోపల అలాగే ఉంది. జాబితాలో పేర్లన్నీ పోయాయి.”

“కనబడకపోతే లేదనుకోవడమా? మా పిల్లి కూడా అంత అమాయకం కాదు. పోనీ, జాబితాకి నకలు?”

“నకలు తీసే డిస్కు పాడైంది. కొత్తది కొందామంటే, ఈ ఏడాదికి పొయ్యిలు ముఖ్యమన్నారు.”

“ఎవరు?”

“అన్నారు... ఎవరో.”

“నామీదకి తోయకు. పదకొండింటికి వ్యాన్లు కదలాలి. ఎవరికి ఉప్పు వెయ్యకూడదో, ఎవరికి చక్కెర పడదో, ఎవరింటి తలుపు గట్టిగా కొట్టాలో, ఏదీ లేదు. ఈ మంచులో డ్రైవర్లు ఇంటింటికీ పోయి, ‘మీకు భోజనం పెట్టేది మేమేనా?’ అని అడగాలా?”

“ఒక్క నిమిషం ఉండండి.”

“నేనున్నాను. పేర్లే లేవు.”

“అది కాదు. తీసెయ్యడం కూడా మార్పే కదా.”

“అయితే?”

“పోయేముందు ప్రతి పేరునీ కక్కి ఉండాలి. పైకి జరిపితే... ఇదుగో. చిరునామాలు, పథ్యాలు, అన్నీ ఉన్నాయి. ఇక్కణ్ణుంచి తీసి మళ్ళీ ఎక్కించేస్తా.”

“తెరమీద ఈ చెత్త కక్కడం ఆపమని నీకెన్నిసార్లు చెప్పాను?”

“చాలాసార్లు. బద్ధకించాను.”

“నీ బద్ధకం జనానికి తిండి పెట్టడం ఇదే మొదలు. కానివ్వు, త్వరగా.”

“ఎక్కుతున్నాయి. ఇకమీదట ఇవన్నీ వేరే విండోలోకి మళ్ళిస్తా, నేను కొట్టేచోటికి రావు. అన్నట్టు, ఇంకా పైకి పోతే మధ్యలో దూరిందేదో తెలిసిపోతుంది.”

“అదెందుకిప్పుడు?”

“పిల్లికన్నా అమాయకుణ్ణన్నారుగా. ఎవరి పుణ్యమో చూడొద్దూ?”

“ట్రెవర్, వదిలెయ్. వ్యాన్ల సంగతి చూడు.”

“దానంతటది ఎక్కుతోంది. ఆ, ఇదే. ఈనిడ్ స్టెన్‌సన్. ఐవర్ గారి భార్య. ఆవిడ పోయిన నెల చనిపోయింది కదూ? నేను తీసెయ్యబోయినవాళ్ళలో ఆవిడా ఉంది.”

“ఉంటే?”

“‘చనిపోయారు’ అని ఉన్నదాన్ని ‘ఉన్నారు’ అని మార్చారు. మార్చినవాళ్ళ పేరు... మీదే.”

“పొరపాటున పడి ఉంటుంది.”

“మనిషికి ఒక్క ప్లేటే కదా మన లెక్క? లోర్నా గారూ?”

“ఆవిడ పేరున వెళ్ళే రెండో ప్లేటు ఐవర్ రాత్రికి దాచుకుంటాడు. ఎక్కించేటప్పుడు ఆవిణ్ణి బతికే ఉండనీ.”