కుళ్లాయమ్మ వంకలో పోసిన ఇసుక

కుళ్లాయమ్మ ఉండాదే, ఒక్క చోట కాలు నిలవదు ఆమెకు. వాళ్లది బొరుగుల బట్టీ. మొగుడు తిరుపాలు బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి ఆరబోస్తాడు, అత్త సుంకమ్మ బాండలి కాడ కూసోని, కాగే ఇసుకలో వేయించి జల్లిస్తాది. మనూరి తేరు తిర్నాల ఉగాది పోయిన ఎనిమిదోనాడు కదా. తేరు మీద చల్లేదానికి మొదటి గంప బొరుగులు ఎవరిస్తారో, తేరు ముందర అంగడి జాగా వాళ్లది. ఒక్క ఏడు తప్పినా ఆ జాగా ఇంకొకరికి పోతాది, మళ్ల రాదు. తాతల నాటి నుంచి అది వాళ్లదే. ఏడాదంతా వాళ్లు తినేది ఆ తిర్నాల అమ్మకం మీదనే అనుకో.

ఏమైందంటే, పాల్గుణం వచ్చిందో లేదో ఈమెకు ఆత్రం పట్టుకునింది. తిర్నాల వస్తాండాది, తిర్నాల వస్తాండాది అని ఒకటే జపం. పొద్దున బట్టీ అలుకుతాది, మజ్జాన్నం మళ్లా అలుకుతాది. జల్లెడ్లు కడిగె, చాటలు అలికె, గంపలు ఎండబెట్టె. ఇంకా నెల ఉండాది, రోంతసేపు కూసోమే అని మొగుడంటే, "నీ మాదిరి కూసుంటే తేరు మనకోసం ఆగుతాదా?" అని కసురుకునిందంట. అత్త ఆ దినాల్లో ఊర్లో లేదు, కూతురి కానుపుకు పోయిండె. అత్త మీద ఈమెకు ఒక కడుపుమంట ఉండె. ఏందంటే, ఊర్లో ఎవరికి మోకాలు నొచ్చినా, నడుం పట్టుకున్నా, సుంకమ్మ బాండల్లోంచి ఇంత ఇసుక తీసి, కాపడం పెట్టుకోండని గుడ్డలో మూటగట్టి ఇచ్చేది. వాళ్లు ఆ మూట దాపెట్టుకోని, నొప్పొచ్చినప్పుడల్లా పెనం మీద వేడి చేసుకుంటారు. "ఊరి మోకాళ్లన్నీ మనకే కావాల్నా అత్తా? పోయిన మూట ఒకటన్నా తిరిగొచ్చిందా?" అని ఈమె సణుగుడు. ముసిల్ది నవ్వి ఇంకో మూట కట్టేది.

సరే, అన్నీ కడిగినాక బాండల్లోకి చూస్తే ఇసుక నల్లగా మసి మాదిరి ఉండాదంట. థూ, ఈ మురికిలోనా మనం వేయించేది అనుకోని, మొగుడు బియ్యానికి సంతకు పోయింది చూసుకోని, గంపకెత్తకపోయి వంక నీళ్లల్లో కుమ్మరించింది. తెల్లటి ఇసుక తెచ్చి ఏడుమార్లు కడిగి పోసింది. నవ్వొద్దు పాపా, నీ చేతికి చీపురిస్తే నువ్వూ అంతే. తిర్నాల ఆర్నాళ్లుందనంగా బట్టీ వెలిగించినారు. పిడికెడు బియ్యం వేస్తే, సగం మాడె, సగం పొంగకపాయె. పొంగిన నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే పళ్ల కింద ఇసుక కరకర. మంట పెంచె, తగ్గించె, మళ్లా జల్లించె, మళ్లా వేసె, అదే పాట. తిరుపాలు వంగి చూసి, పాతిసుక యాడమే అన్నాడంట. వంకలో పోస్తి అనింది. ఆయప్ప గడప మీద కూలబడిపోయినాడు. అది చూసి ఆమె వంకకు పరిగెత్తింది. ఏముంటాది ఆడ? నీళ్లు.

మర్నాడు అత్త దిగింది. విని నెత్తి పట్టుకోని, "ఓసి నా తల్లీ, అది మా అత్త నాటి ఇసుక. ఉప్పు తాగి తాగి, కాగి కాగి నున్నగైండాది, గింజకు అంటదు. కొత్తది అట్ల కావాలంటే ఏడాది పడతాది" అనింది. ఐదునాళ్లలో ఎట్లత్తా, నా చేతులారా జాగా పోగొడ్తినే అని, ఆమె ఏడుస్తా కూడా బట్టీకీ గడపకీ తిరుగుతానే ఉండాదంట. అప్పుడు అత్త, "ఈడ తిరిగేది ఊర్లో తిరుగు పో. నేనిచ్చిన మూటలు ఇంటింటా ఉండాయి. అడుక్కోని రా" అనింది.

ఏం మొగం పెట్టుకోని పోతాది చెప్పండి! పోకుంటే జాగా పాయె. మొదట గువ్వల లింగక్క ఇంటికి పోయింది. పోయినేడు ఆమె మూట తీసుకపోతాంటే, నీ మోకాలికి మా బట్టీ అరగాల్నా అని మొగమ్మీదే అనిండె ఈమె. లింగక్క మర్చిపోతాదా? "అరగదీసింటి కదమ్మే, ఇంకేం మిగిలింటాది?" అని ఎత్తిపొడిచె. కుళ్లాయమ్మ తలొంచుకోని, తప్పైందక్కా అని కండ్లనీళ్లు పెట్టుకునింది. లింగక్క మంచం కింద నుంచి మూట తీసి చేతిలో పెట్టి, పక్కింటికి తానే కుంటుకుంటా ముందు నడిచె. నేనూ ఇస్తి నా మూట, ఇయ్యకుంటే ఊరుకుంటారా మీరు? పొద్దుగూకేలోగా సగం బాండలి నిండింది. వేసిన బియ్యం వేసినట్లే ఫటఫటా పొంగినాయంట. మొదటి గంప తేరుకు పోయె, జాగా నిలిచె.

ఆమెకు బుద్ధొచ్చింది గానీ, కుదురు రాలేదు. కొత్తిసుకలో కలిపేదానికి రోంత పాతది ఉంచుకోని, తిర్నాల ముగిసిన మర్నాడే మూటలు పంచేదానికి బయల్దేరింది. కోడి ఇంకా కూయలేదబ్బా, నా తలుపు దబదబా బాదుతాది! ఎవరో సచ్చినారేమో అని నడుం పట్టుకోని లేస్తి. చూస్తే ఈమె, ఒడి నిండా బొరుగులు, చేతిలో పొగలు కక్కే మూట. "కాపడం పెట్టుకో అవ్వా, సల్లారిపోతాది" అంటాది. నొప్పన్నా లేసిందా లేదా కనుక్కోవద్దా, తల్లీ!